పొడి చేసి అతికించింది పాత తోలు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత తోలుతో చేత్తో కుట్టిన బ్యాగుల మీద వచ్చిన వ్యాసాన్ని మా అమ్మాయి చదివి వినిపించింది. ఫొటోలు బాగున్నాయి. ఒకటే రంగు, ఒకటే పట్టీ. ముందు జేబు లేదు, జిప్పు లేదు, మెరిసే బకిల్ లేదు, కంపెనీ ముద్ర లేదు. దీన్నే మినిమలిస్ట్ డిజైన్ అంటారని రాశారు. చదవడం అయ్యాక 'నాన్నా, నువ్వు కుట్టేవీ ఇవేగా' అంది. ఇవే. అయితే వింటుంటే మూడు చోట్ల పంటికింద రాయి తగిలినట్టయింది. ఆ మూడూ చెబుదామని కూర్చున్నాను. కాస్త పొడుగైతే మన్నించండి, నాకు కత్తిరించడం తోలులోనే వచ్చు.

ముందు నేనెవరో చెప్పాలి. పందొమ్మిదేళ్లు సోఫాలు బాగుచేశాను. పాత తొడుగు ఊడదీయడం, స్ప్రింగులు సరిచేయడం, కొత్త తొడుగు బిగించడం. ఊడదీసిన తోలు చెత్తబండిలోకి పోయేది. ఒకసారి మూడు సీట్ల సోఫా ఒకటి వచ్చింది. సీట్లు చీలిపోయి ఉన్నాయి, చేతులు నల్లబడి ఉన్నాయి. వెనక భాగం మాత్రం గోడవైపు ఉండిపోవడంతో, ఇన్నేళ్లలో ఒక్కరి వీపూ తగలక, ఎండ కూడా సోకక, కొన్నరోజున ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని బండిలో వేయడానికి చెయ్యి రాలేదు. ఆ తోలుతో మా ఆవిడకి ఒక సంచి కుట్టాను. ఒక పక్క వంకర. పట్టీ ఒకవైపు అరంగుళం పొడుగు. ఆవిడ ఇప్పటికీ అదే వాడుతోంది, పైగా వంకర పక్కే బయటికి కనపడేలా తగిలించుకుంటుంది. అప్పట్నుంచి ఎనిమిదేళ్లుగా సోఫాలు తగ్గించుకుని సంచులే కుడుతున్నాను.

ఇక మొదటి రాయి. వ్యాసంలో రీక్లెయిమ్డ్ లెదర్ అని ఒక పేరాలో, రీసైకిల్డ్ లెదర్ అని మరో పేరాలో, బాండెడ్ లెదర్ అని ఇంకో చోట రాశారు, మూడూ ఒకటే అన్నట్టు. పాత తలుపు చెక్కతో బల్ల చేయడం ఒక పని. ఆ తలుపును రంపపు పొట్టు చేసి, జిగురు కలిపి, అట్టలా నొక్కి, పైన చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం అంటించి బల్ల చేయడం ఇంకో పని. రెండూ చేయొచ్చు, రెండింటికీ గిరాకీ ఉంది. పేరు మాత్రం ఒకటి కాదు.

తోలు బలమంతా దాని పీచులో ఉంది. కొల్లాజెన్ అనే ఆ పీచు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటుంది. ఏ మగ్గమూ నేయలేని అల్లిక అది. పాత తోలును ముక్కగానే తీసుకుని, ముక్కగానే కుడితే ఆ అల్లిక అలాగే ఉంటుంది. రీక్లెయిమ్డ్ అనాల్సింది దీన్నే. బాండెడ్ లెదర్‌లో ఆ అల్లికే పోతుంది. తుక్కును నలిపి పీచు చేసి, పాలీయురిథేన్ గానీ లేటెక్స్ గానీ కలిపి, షీటుగా పరిచి, పైన తోలు గరుకు అచ్చువేస్తారు. అక్కడ పట్టుకుని ఉండేది జిగురే, తోలు కాదు. ఆ జిగురు ఎండిననాడు షీటు పొలుసులుగా రాలుతుంది. 'లెదర్ సోఫా కొన్నాను, రెండేళ్లకే ఊడిపోతోంది' అంటూ నా దగ్గరికొచ్చిన సోఫాల్లో సగానికి పైగా ఇలాంటివే. తిట్లు మాత్రం తోలు తింటుంది.

ఇది నా ఒక్కడి పట్టింపు కాదు. తోలు పేర్ల మీద ఐరోపాలో ఈఎన్ 15987 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఇలా నలిపి అతికించినదాన్ని లెదర్ ఫైబర్ బోర్డ్ అనాలి, అదీ ఎండు తోలు పీచు బరువులో కనీసం 50 శాతం ఉంటేనే. ఉత్త లెదర్ అనకూడదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు కూడా బాండెడ్ లెదర్ అని రాస్తే అందులో తోలు పీచు ఎంత శాతమో చెప్పమంటాయి. పత్రిక అంత వివరం వేయనక్కర్లేదు. మూడు మాటల్నీ ఒకే గాటన కట్టకపోతే చాలు.

కొనేవాళ్లు కనిపెట్టడం కష్టమేమీ కాదు. నిప్పు పెట్టి చూడమంటారు కొందరు, వెంట్రుక కాలిన వాసన వస్తే అసలు తోలని. ఆ పరీక్షకు నేను విలువ ఇవ్వను, ఎందుకంటే బాండెడ్‌లో కూడా తోలు పీచు ఉంటుంది కదా, అదీ కంపు కొడుతుంది. కోసిన అంచు చూడండి. అసలు తోలైతే పైన దట్టంగా, కిందికి వచ్చేకొద్దీ వదులుగా పీచు కనిపిస్తుంది, పొరకీ పొరకీ మధ్య గీత ఉండదు. అతికించినదైతే కేకు ముక్కలా గీత గీసినట్టు పొరలుంటాయి. అంచు మొత్తం మందపాటి రంగు పూసి మూసేసి ఉంటే, లోపల ఎక్కడైనా కోసిన చోటు చూపించమని అడగండి.

ఇంకో తేడా కూడా కలిసిపోయింది. రీక్లెయిమ్డ్ అన్నదాంట్లోనే రెండు రకాలు. ఒకటి, ఫ్యాక్టరీలో కోతల్లో మిగిలిన కొత్త తోలు ముక్కలు. బ్రిటన్‌లో పాత ఫైర్ హోసులతో బ్యాగులు చేసి పేరు తెచ్చుకున్న ఎల్విస్ అండ్ క్రెస్ సంస్థ 2017లో ఫ్యాషన్ కంపెనీ బర్బెరీ వాళ్ల ఫౌండేషన్‌తో కలిసి, ఐదేళ్లలో కనీసం 120 టన్నుల ముక్కలు తీసుకుంటామని చెప్పింది ఈ రకం గురించే. రెండోది, ఒక బతుకు బతికి వచ్చిన తోలు. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానాల్లో సీట్లు మార్చినప్పుడు ఊడదీసిన తొడుగుల తోలు అంతా పరిస్తే 43 ఎకరాలని 2014లో చెప్పారు. అలాంటిది. నా సోఫా తోలు ఈ రెండో వంశమే. మొదటి రకానికి ముక్క చిన్నదన్న బాధ తప్ప వేరే రోగం ఉండదు. రెండోదానికి గతం ఉంటుంది, ఆ గతాన్ని బట్టే దాంతో వ్యవహారం.

ఇదే నా రెండో రాయి. ఈ సంచి సాదాగా ఉండటం ఒక అభిరుచి అని, అలంకారాల మీద విసుగు పుట్టి డిజైనర్లు ఎంచుకున్న తీరు అని రాశారు. వాళ్ల సంగతి నాకు తెలీదు. నా బల్ల మీద మాత్రం ఆ నిర్ణయం నాది కాదు, తోలుది.

గుడ్డలో సూది తప్పు పడితే దారం లాగేసి, తడిపి, ఇస్త్రీ చేస్తే రంధ్రం మూసుకుంటుంది. తోలులో మూసుకోదు. ఇరవయ్యేళ్ల కిందటి సూది రంధ్రం ఇవాళ్టికీ రంధ్రమే. కాబట్టి పాత కుట్టు ఉన్న అంచులన్నీ ముందు కోసి పారేయాలి. మేకులు కొట్టిన అంచు పోతుంది. పైపింగు పక్కన నలిగిన గీత పోతుంది. చేతులు ఆనించే చోటు చెమటకి, తల ఆనించే చోటు జుట్టు నూనెకి నానిపోయి ఉంటాయి కాబట్టి అవీ పోతాయి. కిటికీ వైపు ఉన్నది ఎండకి పెళుసెక్కి, మడిస్తే చిట్లుతుంది. అంత పెద్ద సోఫాలో చివరికి మిగిలేది వెనక భాగం, పక్కలు, సీటు దిండ్ల అడుగు. ఇందులోనూ ఒక మోసం ఉంది. చాలా సోఫాలకి మనిషి తగిలే చోట మాత్రమే తోలు వేసి, వెనకా పక్కలా రంగు కలిసే రెక్సిన్ వేస్తారు. రోజంతా కష్టపడి ఊడదీశాక అది రెక్సిన్ అని తేలితే ఆ సాయంత్రం నాతో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

అన్నీ కలిసొస్తే ఒక మంచి పలక దొరుకుతుంది. అందులోంచి నేను కోసేది ఒకే ముక్క, 38 సెంటీమీటర్ల వెడల్పు, 74 సెంటీమీటర్ల పొడవు. మధ్యలో 10 సెంటీమీటర్లు అడుగు, అటూ ఇటూ 32 చొప్పున ఎత్తు. అడుగున అతుకు లేదు, బరువు పడేది అక్కడే కాబట్టి. రెండు పక్కలా రెండే కుట్లు. ముందు జేబు పెట్టాలంటే మూడు వైపులా కొత్త రంధ్రాలు పొడవాలి. వయసైపోయిన తోలు మీద ప్రతి రంధ్రమూ ఒక బలహీనతే. జిప్పు పెడితే మూతి దగ్గర ఇంకో రెండు వరసలు. బకిల్ పెడితే దాని బరువు ఒక్క చోటనే లాగుతుంది. ఇవన్నీ వద్దనుకుంటూ పోతే మిగిలిన దానికి మీరు మినిమలిస్ట్ అని పేరు పెట్టారు. సంతోషమే. సోఫా తోలు మందం సుమారు ఒక మిల్లీమీటరు, మహా అయితే దానికి కొంచెం పైన. అది నిటారుగా నిలబడదు, భుజాన వేసుకుంటే వాలుతుంది. ఆ వాలటమే అందమని ఫొటో కింద రాశారు. అదీ తోలు చేసిన పనే.

కుట్టు గురించి రాసిన రెండు వాక్యాలూ సరిగ్గానే ఉన్నాయి, ఇంకొంచెం రాయాల్సింది. ఈ కుట్టును జీను కుట్టు అంటాం, గుర్రపు జీన్లకు వేసే కుట్టు. ఒకే దారం, రెండు కొసలకీ రెండు సూదులు. ముందు ఆరెతో రంధ్రం పొడిచి, ఒక సూది ఇటునుంచి అటు, రెండోది అటునుంచి ఇటు దూర్చి, రెండు చేతులా సమంగా లాగాలి. దారానికి తేనెమైనం రాసి ఉంటుంది కాబట్టి లాగిన చోట అంటుకుని కూర్చుంటుంది. మెషీన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. ఒకటి తెగితే మెల్లిగా పక్కవీ వదులవుతాయి. జీను కుట్టులో ఒక చోట తెగినా రెండో దారం ఇంకా అన్ని రంధ్రాల్లోనూ దూరి ఉంటుంది. మెషీన్‌ని తక్కువ చేయడం లేదు, పందొమ్మిదేళ్లు అన్నం పెట్టింది. సోఫా కుట్టుని రోజూ భుజాన మోయరు, అంతే తేడా.

కుట్టుకీ కుట్టుకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు వదులుతాను. దగ్గరగా కుడితే చూడ్డానికి బాగుంటుంది గానీ, పాత తోలులో రంధ్రాలు అంత దగ్గరైతే తపాలా బిళ్ల అంచులా చింపడానికి సిద్ధం చేసినట్టే. ఒక పక్కకి ఎనభై, రెండు పక్కలకీ నూట అరవై రంధ్రాలు. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు తీసుకోవాలి. మొదట్లో మూడింతలే తీసుకుని, చివరి పది రంధ్రాల దగ్గర దారం చాలక మొత్తం విప్పిన రోజులున్నాయి.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. వ్యాసంలో బ్యాగుకి లోపల మెత్తని గుడ్డ వేసి ఉంటే ఇంకా నిండుగా ఉండేదని సలహా ఇచ్చారు. మూడో ఏడు నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు ముదురు గోధుమరంగు సోఫా ఒకటి దొరికింది, పలక పెద్దది. ఒక అంచు తల ఆనించే చోటుకి దగ్గర. అక్కడ కొంచెం రంగు తేడా ఉంది, వేలితో నొక్కితే కాస్త జిడ్డు. కోసి పారేస్తే సంచి పొట్టిదైపోతుంది. సబ్బు నీళ్లతో తుడిచి, రంగు పూసి, లోపల గుడ్డ వేసి మూసేశాను. ఎంత నీటుగా వచ్చిందో చెప్పలేను. కొన్నావిడ ఏడు నెలలకి తెచ్చి బల్ల మీద పెట్టింది. మూతి దగ్గర పై పొర ఉడికిన బంగాళదుంప తొక్కలా లేచిపోయింది, కింద తోలు మెత్తబడి పట్టీ కుట్టు దగ్గర సాగింది. ఆవిడ గట్టిగా మాట్లాడలేదు. 'ఇది మీకు ముందే తెలుసా' అని అడిగింది, అంతే. నేను లేదన్నాను.

ఆ తర్వాత ఆవిడకి ఇంకో సంచి కుట్టి ఇచ్చాను, తీసుకుంది. ఆ 'లేదు' మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అప్పట్నుంచి లోపల గుడ్డ వేయడం మానేశాను. తోలు లోపలి వైపు ఎలా ఉందో కొనేవాళ్లు చెయ్యి పెట్టి తడుముకోవాలి. ప్రతి సంచి లోపలా చిన్న చీటీ కుడుతున్నాను: సోఫా వెనక భాగమా, సీటు అడుగా, ఎన్నేళ్లు వాడిందని చెప్పారు, ఎక్కడ మచ్చ ఉంది. ఒకాయన ఆ చీటీ చదివి, మచ్చ ఉన్నదే కావాలని తీసుకున్నాడు. ఇంకొకాయన మచ్చ లేనిది లేదా అని అడిగి వెళ్లిపోయాడు. ఇద్దరూ న్యాయమే.

మూడో రాయి చివరి పేరాలో ఉంది. ఈ సంచి పాడైపోయాక పాతిపెడితే మట్టిలో కలిసిపోతుందని రాశారు. తోలును పదును చేసేదే కుళ్లకుండా ఉండటానికి! పచ్చి చర్మం కుళ్లుతుంది, అలా కుళ్లనివ్వకపోవడమే చర్మశుద్ధి. వెనకటికి లందల్లో, అంటే తోళ్లు నానేసే తొట్లలో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ నీళ్లలో వారాల తరబడి నానబెట్టేవారు. 1884లో అగస్టస్ షుల్ట్జ్ అనే ఆయన అమెరికాలో క్రోమియంతో పదును చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక కథ మారింది. పని త్వరగా అవుతుంది, తోలు మెత్తగా ఉంటుంది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం క్రోమ్ తోలే, సోఫాలకి వచ్చేది మరీనూ. దానికి తోడు పైన ప్లాస్టిక్ రంగు పూత. అది మట్టిలో అంత తేలిగ్గా కలవదు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది, దయచేసి ఇదొక్కటైనా వేయండి. పాత తోలు ముక్కల్ని చలిమంటలో వేయకండి. తోలులో ఉండే క్రోమియం మామూలుగా ట్రైవలెంట్ అనే రూపంలో ఉంటుంది. కాల్చినప్పుడు అందులో కొంత హెక్సావలెంట్ అనే ఇంకో రూపంలోకి మారవచ్చు, అది క్యాన్సర్ కారకం. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఈ హెక్సావలెంట్ క్రోమియం కిలోకి 3 మిల్లీగ్రాములు మించకూడదని ఐరోపా 2015 మే 1 నుంచి హద్దు పెట్టింది. నేను చిన్న ముక్కల్ని తాళంచెవి పట్టీలు చేస్తాను, మూలల్లో బలానికి వేస్తాను, అంతకంటే చిన్నవి నా మోకాళ్ల కింద వేసుకునే దిండులో కూరతాను. ఆ దిండు ఇప్పుడు నా మనవడికంటే బరువుంది.

మట్టిలో కలవకపోవడం తప్పని కాదు. అలా కలవకపోవడమే ఈ పనికి ఆధారం. 1786 డిసెంబరులో మెట్టా కాతరీనా అనే ఓడ సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జెనోవాకి తోళ్లు తీసుకెళ్తూ ఇంగ్లండులో ప్లిమత్ రేవు దగ్గర తుపానులో మునిగింది. 1973లో గజ ఈతగాళ్లు దాన్ని కనిపెట్టారు. రెయిన్‌డీర్ తోళ్లు, విల్లో చెట్టు బెరడుతో ఊని, అంటే పదును చేసి, భూర్జ వృక్షపు నూనె పట్టించినవి. కట్టల పైపొరలు పాడైనా, నల్లటి బురదలో కూరుకుపోయిన లోపలి తోళ్లు పనికొచ్చాయి. నూట ఎనభై ఏడేళ్లు సముద్రం అడుగున ఉన్న తోలుతో మళ్లీ సంచులు, బూట్లు కుట్టారు. ఎప్పుడైనా నా సోఫా తోలు మరీ పాతదని ఎవరైనా ముఖం చిట్లిస్తే నేను ఈ ఓడ కథే చెబుతాను.

అలాగని పాతదంతా బంగారం కాదు. చెట్టు బెరడుతో ఊనిన తోలుకి గాలిలోని గంధకపు పొగ తగులుతూ ఉంటే రెడ్ రాట్ అనే జబ్బు వస్తుంది. ఎర్రటి పొడి రాలుతుంది, ఏ నూనె రాసినా తిరిగిరాదు. గ్యాసు దీపాలు వెలిగే గ్రంథాలయంలో పుస్తకాల తోలు అట్టలు ఎందుకు పాడవుతున్నాయని 1840ల్లో మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త పట్టించుకున్న విషయం ఇది. నాకు ఒకాయన వాళ్ల తాతగారి తోలుపెట్టె ఇచ్చాడు, సంచి చేయమని. చేతికి ఇటుకపొడి అంటింది. చేయలేనని తిరిగిచ్చాను. ఆయన నన్ను పనిరాని వాడనుకున్నాడు.

చివరగా పేరు గురించి ఒక ముక్క, ఇది ఫిర్యాదు కూడా కాదు. వ్యాసం నిండా హ్యాండ్‌క్రాఫ్టెడ్, ఆర్టిజన్, స్టూడియో అని ఉంది. నా పనిని నేను తోలుపని అంటాను. పనిముట్లూ అవే, ఆరె, తోలు కోసే రంపె, గూటం, మైనం. తోలుపని అంటే ఒక అడుగు వెనక్కి వేసే మనుషులే లెదర్ క్రాఫ్ట్ అంటే ఒక అడుగు ముందుకు వేస్తున్నారు. మా అమ్మాయి వచ్చేవాళ్లకి రెండో పేరే చెబుతుంది. నేను మొదటిది చెబుతాను, ఎవరు ఎటు అడుగేస్తారో చూద్దామని.

మీ విలేకరి మళ్లీ ఈ విషయం రాసేట్టయితే ఒకసారి నా దగ్గరికి పంపండి. బల్ల మీద మూడు ముక్కలు పెడతాను. ఒకటి సోఫా వెనక భాగం, ఒకటి బాండెడ్ లెదర్, ఒకటి రెక్సిన్. మూడూ ఒకే రంగు. పైనుంచి చూస్తే నేనూ తేడా చెప్పలేను. అంచు కోసి చేతికిస్తాను, ఏది ఏదో ఆయన్నే చెప్పమంటాను.

ఇట్లు,
సంచులు కుట్టే ఒక పాత సోఫాల మేస్త్రి